ఆ ఏడాది డాబా మీద అనుకున్నవి

సంవత్సరానికి ఒక లక్ష్యం పెట్టుకోవాలని నాకు మొట్టమొదట చెప్పింది మా తోడికోడలు. అప్పుడు నా రెండు చేతులూ గుమ్మడి వడియాల పిండిలో ఉన్నాయి. జనవరి ఒకటో తారీకు, మధ్యాహ్నం. డాబా మీద మామగారి పాత పంచె పరిచి, మూలలకు ఇటుకలు పెట్టి, వరసగా వడియాలు పెడుతున్నాను. తను పక్కన కూర్చుని ఫోన్లో ఎవరిదో ప్రసంగం వింటోంది. ఉన్నట్టుండి చెవుల్లోంచి వైర్లు లాగేసి, "అక్కా, ఒక్కసారి కళ్లు మూసుకో," అంది.

"మూసుకుంటే నిద్రొచ్చేస్తుంది. తెల్లారకముందు లేచాను."

"నిద్రపోకు. వచ్చే సంవత్సరం ఇదే రోజున నువ్వెక్కడున్నావో, ఏం చేస్తున్నావో ఊహించుకో. ఏది కనబడితే అదే ఈ ఏడాదికి నీ లక్ష్యం. ఈయనెవరో చెప్తున్నాడు, బాగా చెప్తున్నాడు."

"ఇక్కడే ఉంటాను. వడియాలు పెడుతూ ఉంటాను."

తను పడీపడీ నవ్వింది. నవ్వితే కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వడం తనకు అలవాటు. ఆ నవ్వు కోసమే నేను ఏదో ఒకటి అంటూ ఉండేదాన్ని.

మాది అప్పుడు ఉమ్మడి కాపురం. మా మామగారు బెజవాడ గవర్నర్‌పేటలో పెట్టిన బట్టల హోల్‌సేల్ కొట్టును, ఆయన పోయాక మా ఆయనా, మా మరిదీ కలిసి చూసుకునేవారు. కొట్టుకు రెండు సందుల అవతల ఇల్లు. కింద వాటా అంతా బేళ్లు, అట్టపెట్టెలు. పైన మేము. నేను చల్లపల్లి దగ్గర నేతపని చేసే ఇంట్లో పుట్టాను. ఇంటర్ పాసైన వేసవిలోనే పెళ్లయింది. మా తోడికోడలు పుట్టిల్లు గన్నవరం. వాళ్ల నాన్నగారికి అక్కడ చిన్న బట్టల కొట్టు ఉండేది. సరుకు మా దగ్గరే కొనేవారు. ఆ పరిచయంతోనే ఆ సంబంధం కుదిరింది. తను డిగ్రీ చదువుతూ చదువుతూ పెళ్లికోసం మానేసి వచ్చింది. వయసులో నాకన్నా చాలా చిన్నది. వచ్చిన మొదటి వారంలోనే నా వెనకాల తిరగడం మొదలుపెట్టింది.

"సరే, నువ్వు ముందు చెప్పు," అన్నాను.

తను బుద్ధిగా బాసింపట్టు వేసుకుని కళ్లు మూసుకుంది. "బోర్డు ముందు నిలబడ్డాను. చేతిలో చాక్‌పీస్ ఉంది. పిల్లలు కూర్చున్నారు. డిగ్రీ పూర్తి చేసి, బీఈడీ చేసి, టీచర్ని అవుతాను. ఈ ఏడాది డిగ్రీలో మళ్లీ చేరతాను. ఇప్పుడు నువ్వు."

పిండి చేతులు పైకెత్తి పట్టుకుని నేనూ కళ్లు మూసుకున్నాను. తెరిచి ఇంకో వడియం పెట్టాను. చివరికి, "మగ్గం వర్క్ నేర్చుకుంటాను," అన్నాను.

బెజవాడలో ఆ రోజుల్లో మగ్గం వర్క్ జాకెట్ల పిచ్చి అంతా ఇంతా కాదు. పెళ్లికూతురి దగ్గర్నించి పెళ్లికి వచ్చిన పక్కింటావిడ దాకా అందరి వీపుల మీదా ముత్యాలూ కుందనాలే. చెక్క ఫ్రేముకు గుడ్డను బిగించి కట్టి, కొక్కెం లాంటి సూదితో కింద నుంచి దారం లాగుతూ కుట్టే పని అది. దాన్ని మగ్గం అంటారని మొదటిసారి విన్నప్పుడు మా నాన్న నమ్మలేదు. "కాళ్లు దింపి కూర్చోను గుంటైనా లేదు, అదేం మగ్గమే?" అన్నాడు.

మేమిలా మాట్లాడుకుంటుండగా మా అత్తగారు మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి వచ్చారు.

"ఏవిటే, ఇద్దరూ పైన మంతనాలు?"

తోడికోడలు సంగతంతా చెప్పింది. ఆవిడ వడియాల వైపు ఒకసారి చూసి, ఒకటి సరిచేసి, "మీరిద్దరే అనుకుంటే సరిపోయిందా? నన్నడగరే?" అన్నారు.

"అయ్యో, చెప్పండత్తయ్యా. మీకేం కావాలి?"

ఆవిడ ఏమాత్రం ఆలోచించలేదు. కళ్లు మూసుకోనూ లేదు. "విమానం దగ్గర్నించి చూడాలి. ఇంత దగ్గర్లో గన్నవరం పెట్టుకుని, అది ఎగరడం ఒక్కసారి కూడా చూళ్లేదు నేను. అందరూ ఎక్కుతున్నారట. నేను ఎక్కను. చూస్తే చాలు."

సంక్రాంతి హడావిడి మొదలవకముందే ఒకరోజు ముగ్గురం బస్సెక్కి గన్నవరం వెళ్లాం. తోడికోడలి పుట్టింట్లో కాఫీ తాగి, వాళ్ల నాన్నగారిని వెంటబెట్టుకుని విమానాశ్రయం గోడ పక్కన ఓ చోట నిలబడ్డాం. అంతకు ముందే అక్కడ కొందరు పిల్లల్నెత్తుకుని నిలబడి ఉన్నారు. చాలాసేపటికి ఒక విమానం వచ్చింది. మా నెత్తి మీదే దిగుతున్నట్టు, పొట్ట చూపిస్తూ దిగింది. అత్తగారు చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూశారు. అది కనుమరుగైన తర్వాత కూడా అటే చూస్తూ నిలబడ్డారు.

"ఎలా ఉందండీ వదినగారూ?" అని వియ్యంకుడుగారు అడిగారు.

"చక్రాలున్నాయండీ దానికి! లారీకున్నట్టే ఉన్నాయి," అన్నారు ఆవిడ. తిరిగి బస్సెక్కాక మా ఇద్దరి వైపూ తిరిగి, "నా సంవత్సరం అయిపోయింది. ఇహ మీ సంగతి చూసుకోండి," అన్నారు.

నిజంగానే ఆ ఏడాది ఆవిడ మమ్మల్ని వదిలిపెట్టలేదు. మేం మర్చిపోయినా ఆవిడ మర్చిపోయేవారు కాదు. "ఏమ్మా, నీ సూది ఎంతవరకొచ్చింది?" అని నన్నూ, "నీ కాలేజీ ఎప్పుడు తీస్తారు?" అని తననూ అడుగుతూనే ఉండేవారు.

నా సూది ముందు మొదలైంది. మా వెనక సందులో ఒకావిడ తన ముందుగదిలో మగ్గం వర్క్ నేర్పేది. మధ్యాహ్నం వంటింటి పని అయ్యాక వెళ్లేదాన్ని. నాకు తోడుగా తోడికోడలూ వచ్చేది. ఇంట్లో ఒక్కతీ కూర్చోవడం తనకు చేతకాదు. మొదట చెయిన్ కుట్టు. పైనున్న చేత్తో సూది గుచ్చితే, కిందనున్న చేయి దారం అందించాలి. నా పైచేతికీ కిందచేతికీ అసలు పరిచయమే లేనట్టుండేది. ఎంతో కష్టపడి ఒక తీగ కుట్టి, చివర ముడి సరిగ్గా వెయ్యకపోతే, కొస పట్టి లాగితే చాలు, సర్రున మొత్తం ఊడి వచ్చేసేది. నేర్పే ఆవిడ మంచిది. "పర్వాలేదండీ, వస్తుంది," అనేది. కానీ ఆ మాట అనేటప్పుడు నా వైపు చూసేది కాదు.

తోడికోడలు మొదట్లో ఊరికే చూసేది. తర్వాత పూసలు ఏరిపెట్టేది. వేసవి వచ్చేసరికి, నేను నీళ్లు తాగడానికి లేచిన కాసేపట్లో నా ఫ్రేము ముందు కూర్చుని మామిడిపిందె సగం కుట్టేసేది. ఆ సగం నా సగంలా ఉండేది కాదు. వంపు ఎక్కడ మొదలై ఎక్కడ తిరిగిందో తెలిసేది కాదు. బయట బెజవాడ ఎండ మండిపోతుంటే, పైన ఫ్యాను వేస్తే దారాలు ఎగిరిపోతాయని ఆపేసి, చెమటలు కారుతున్నా తల ఎత్తకుండా కుట్టేది.

"నా పని నువ్వు చేసేస్తే నేనెలా నేర్చుకుంటానమ్మాయ్?" అంటే, "ఇదొక్క ఆకు, అక్కా. ఇదొక్కటే," అనేది.

వానలు మొదలయ్యాక దూరవిద్యలో డిగ్రీకి అడ్మిషన్లన్నారు. తనను తీసుకెళ్లడానికి మా మరిదికి కొట్టులో తీరిక లేదు. నేను తోడు వెళ్లాను. తన పాత కాలేజీ కాగితాలు చూసి అక్కడి గుమాస్తా పెదవి విరిచాడు. యూనివర్సిటీ వేరు కనక అవి చెల్లవు, మొదటి సంవత్సరం నుంచే చదవాలన్నాడు. తను తలూపి దరఖాస్తు నింపింది. నేను పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డాను. ఆయన కాగితాలు సర్దుకుంటూ నన్ను చూసి, "మీరు కూడా చేరుతున్నారా అమ్మా?" అన్నాడు.

"లేదండీ," అనబోయాను.

"అవునండీ. ఇంటర్ పాసైంది," అంది తోడికోడలు.

నేను తన చేయి గిల్లాను. తను నా వైపు చూడనేలేదు. "ఇంకొక ఫారం ఇవ్వండి సార్."

బయటికొచ్చి, కాలేజీ అరుగు మీద నిలబడి, కోపంగానే అడిగాను. "నన్నెందుకు ఇరికించావు? నాకిప్పుడు చదువేంటి? పెద్దది తొమ్మిదో క్లాసుకొచ్చింది."

"ఆదివారం ఆదివారం క్లాసులంట. నేను లోపల కూర్చుంటే నువ్వు బయట గొడుగు పట్టుకుని కూర్చుంటావా? లోపలే కూర్చో," అంది. తనకు అదంతా చాలా సులభంగా కనిపించేది.

ఇంట్లో చెబితే మా ఆయన కాసేపు నా ముఖంలోకి చూసి, "నిజంగానేనా?" అన్నారు. నేను తలూపాను. "మరి సర్టిఫికెట్టేదీ?" అన్నారు. అంతే. ఇంకేదో అంటారని మనసులో సిద్ధం చేసుకున్న జవాబులన్నీ వృథా అయిపోయాయి.

సర్టిఫికెట్టు కోసం చల్లపల్లి బస్సెక్కాను. మా నాన్న దాన్ని దేవుడి గూట్లో, పసుపుగుడ్డలో చుట్టి దాచాడు. నేను అడిగితే ఎందుకని కూడా అడగలేదు. చేతులు కడుక్కుని వచ్చి తీసి ఇచ్చాడు. ఇంటర్లో నా మార్కులు ఊరంతా చెప్పుకున్న మనిషి ఆయన. పెళ్లప్పుడు చదువు మానిపించినందుకు ఏనాడూ నాతో ఏమీ అనలేదు, నేనూ ఏమీ అడగలేదు. ఆ రోజు మటుకు బస్టాండు దాకా నాతో నడిచి వచ్చాడు. బస్సు కదిలాక కిటికీ పక్కనే కొంతదూరం నడుస్తూ, "చరిత్ర తీసుకో. నీకది ఇష్టం కదా," అన్నాడు. నాకది ఇష్టమని నేనే మర్చిపోయాను.

ఆ ఆదివారాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు హాయిగా ఉంటుంది. పొద్దున్నే ఇడ్లీ పిండి పొంగిందో లేదో చూసుకుని, పిల్లలకు పెట్టి, ఇద్దరం మంచి చీరలు కట్టుకుని ఆటో ఎక్కేవాళ్లం. క్లాసులో మాలాంటివాళ్లే ఉండేవారు. ఒక కండక్టరుగారు, ఇద్దరు అంగన్‌వాడీ టీచర్లు, నిద్రకళ్లతో వచ్చే ఒక సెక్యూరిటీ గార్డు. మేం వెనక బెంచీలో కూర్చునేవాళ్లం. చరిత్ర చెప్పే మాస్టారు చిన్నగొంతు మనిషి. ఆయన ఒకరోజు కృష్ణ మీద ఆనకట్ట రాకముందు ఈ డెల్టా ఎలా ఉండేదో, కరువులొచ్చి జనం ఎలా పోయారో చెప్తుంటే నేను రాసుకోవడం మర్చిపోయి విన్నాను. చిన్నప్పటినుంచీ కాలువలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నదాన్ని. ఆ నీళ్లు ఎప్పుడూ అక్కడే ఉన్నాయనుకున్నాను. ఒకప్పుడు లేవనీ, ఎవరో తవ్వితే వచ్చాయనీ నాకెప్పుడూ తట్టలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, కూర తరుగుతూ మా అత్తగారికి ఆ పాఠమంతా చెప్పాను. ఆవిడ బెండకాయలు పక్కన పెట్టి మరీ విన్నారు.

తోడికోడలు క్లాసులో నోట్సు మార్జిన్ల నిండా తీగలూ, నెమళ్లూ గీసేది. నేను చూసి నవ్వుకునేదాన్ని. అందులో ఏమీ విశేషం ఉందనుకోలేదు.

కార్తీకమాసం చివర్లో ఒక సాయంత్రం, ఆరిన బట్టలు తియ్యడానికి డాబా మీదికెళ్లాను. తను పిట్టగోడ మీద మోచేతులాన్చి సందులోకి చూస్తోంది. పుస్తకం మూసి పక్కన పెట్టి ఉంది.

"పరీక్షలు దగ్గరకొచ్చాయి, ఏంటలా నిలబడ్డావు?" అన్నాను.

"నేను రాయనక్కా."

ఒంట్లో బాగాలేదేమో అనుకుని నుదుటి మీద చెయ్యి పెట్టాను. తను నా చెయ్యి తీసి తన రెండు చేతుల్లో పట్టుకుంది.

"నాకు చదువంటే ఇష్టం లేదక్కా. ఎప్పుడూ లేదు. కాలేజీ మానేసి పెళ్లి చేసుకుంటానని ఒప్పుకున్నప్పుడు నాకెంత హాయిగా ఉందో నీకు తెలీదు. ఆ రోజు కళ్లు మూసుకుంటే బోర్డూ చాక్‌పీసూ కనిపించాయని చెప్పాను కదా, అది మా నాన్న చెప్పింది. నా చిన్నప్పట్నించీ రోజూ చెప్పింది. నేను నాది అనుకున్నాను."

"మరి నీకేం కావాలి?"

"నాకు ఆ ఫ్రేము ముందు కూర్చుంటే ఆకలి కూడా వెయ్యదు," అంది. అని, భయంగా నా ముఖంలోకి చూసింది. "అది నీది కదా అని చెప్పలేదు."

నేను బట్టల మూటతో పాటు అక్కడే చతికిలబడ్డాను. నవ్వొచ్చింది. నవ్వుతూంటే ఏడుపూ వచ్చింది. జనవరిలో కళ్లు మూసుకున్నప్పుడు నాకు కనిపించింది మగ్గం వర్క్ కాదు. చల్లపల్లి కాలేజీలో కిటికీ పక్క నేను కూర్చునే బెంచీ కనిపించింది. ఇద్దరు పిల్లల తల్లి, బట్టల కొట్టాయన భార్య, ఈ వయసులో చదువుకుంటానంటే నవ్వుతారని, ఎవరూ నవ్వని పని ఒకటి వెతికి చెప్పాను. ఆ మాట తనకు చెప్పాను. తను నోరు తెరిచి చూసి, "అయితే ఏడాదంతా నీ పని నేనూ, నా పని నువ్వూ చేశామా?" అంది. ఇక ఇద్దరం ఎంత నవ్వామంటే, అత్తగారు కింద నుంచి "ఏవైందే?" అని కేకేశారు.

నవ్వినంత సులభంగా మిగతాది జరగలేదు. వాళ్ల నాన్నగారికి చెప్పాలి. ఒక్కదాన్నీ వెళ్లనంది. మళ్లీ ఇద్దరం గన్నవరం వెళ్లాం. ఆయన కొట్టులో పరుపు మీద కూర్చుని ఉన్నారు. తను చెప్పాల్సింది చెప్పింది. మధ్యలో ఆగితే నేను అందుకోబోయాను, వద్దన్నట్టు నా చెయ్యి నొక్కి తనే పూర్తి చేసింది. ఆయన ఎదురుగా పరిచి ఉన్న జాకెట్టు గుడ్డల్ని ఒక్కొక్కటే మడతపెట్టడం మొదలుపెట్టారు. అన్నీ మడతపెట్టడం అయ్యాక, "నేను ఐదో క్లాసుతో కొట్లో కూర్చున్నానమ్మా," అన్నారు. "నువ్వు అలా కూర్చోకూడదనుకున్నాను. నీకది బరువైందని నాకు తెలియలేదు."

"బాబాయిగారూ, ఒకసారి దాని పని చూడండి," అని నేను సంచిలోంచి జాకెట్టు తీసి ఆయన ముందు పరిచాను. అత్తగారి కోసం తను కుట్టింది. మెడ చుట్టూ సన్నటి తీగ, వీపు మీద ఒక్కటే నెమలి. ఆయన కళ్లజోడు పెట్టుకుని, గుడ్డను తిరగేసి, ముందు వెనకవైపు చూశారు. బట్టల వ్యాపారి కదా, పైన చూసి మోసపోరు. వెనక కూడా ఒక్క దారం వేలాడటం లేదు. చాలాసేపు చూసి, "భోజనం చేసి వెళ్లండి," అన్నారు.

 ఆయన బాధ ఆ పూటతో పోలేదు. చాలా నెలలు పట్టింది. పండక్కి వెళ్లినప్పుడు కూడా ఆయన తనతో ముక్తసరిగానే మాట్లాడారని తనే చెప్పి బాధపడేది. తర్వాతెప్పుడో ఒకరోజు ఆయన సరుకు కోసం మా కొట్టుకు వచ్చి, మా ఇంటికొచ్చి, కూతుర్ని పిలిచి, "ఆ నెమలి జాకెట్టులాంటిది ఇంకొకటి కుట్టమ్మా. కొట్లో తగిలిస్తాను, అడుగుతున్నారు," అన్నారు. తను ఆ మాట విని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి నన్ను పట్టుకుని ఊపేసింది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

పరీక్షలకు నేనొక్కదాన్నే వెళ్లాను. మొదటి రోజు ఆటోలో పక్క సీటు ఖాళీగా ఉంటే దిగి వెనక్కి వెళ్లిపోదామనిపించింది. హాల్లో ప్రశ్నపత్రం చేతికిచ్చాక కాసేపు అక్షరాలు కదిలాయి. అందులో డెల్టా కాలువల ప్రశ్న ఉంది. రాయడం మొదలుపెట్టాక చుట్టూ ఎవరున్నారో తెలియలేదు. బయటికొస్తే గేటు దగ్గర తోడికోడలు గొడుగేసుకుని, ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని కూర్చుని ఉంది. వస్తానని చెప్పలేదు.

"ఎంతసేపయింది వచ్చి?"

"తోడు రాకపోతే అత్తయ్య ఊరుకుంటారా?" అంది.

డిగ్రీ పూర్తవడానికి నాకు అనుకున్నదానికన్నా ఒక ఏడాది ఎక్కువే పట్టింది. ఇంగ్లీషు రెండుసార్లు పోయింది. బీఈడీ కూడా అలాగే దేక్కుంటూ చేశాను. ఇప్పుడు మా పేటలోనే ఒక చిన్న స్కూల్లో సోషల్ చెప్తున్నాను. తోడికోడలు ముందు మా ఇంటి కింద వాటాలో, బేళ్ల మధ్య ఫ్రేము వేసుకుంది. తర్వాత ఇద్దరమ్మాయిలు సాయానికి వచ్చారు. పెళ్లిళ్ల కాలంలో ఇంట్లో ఎవరి అన్నంలో చూసినా ఒక పూసో చెమ్కీయో కనిపించేది. మా మరిది విసుక్కుంటూనే వాటిని ఏరి గిన్నెలో వేసేవాడు.

ఆ తర్వాత అన్నదమ్ములు కొట్టు వేరుచేసుకున్నారు. గొడవేమీ లేదు. తోడికోడలి నాన్నగారికి ఓపిక తగ్గడంతో గన్నవరం కొట్టు చూసుకోవడానికి మా మరిదీ వాళ్లూ అక్కడికి వెళ్లిపోయారు. సామాను వ్యానుకెక్కించిన రోజు మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా గిన్నెలు కాగితాల్లో చుడుతూనే ఉన్నాం. వ్యాను వెళ్లాక ఇల్లంతా ఎంత పెద్దదిగా కనిపించిందో! అత్తగారు కొన్నాళ్లిక్కడా కొన్నాళ్లక్కడా ఉంటున్నారు. గన్నవరంలో ఉన్నప్పుడు విమానాలు నిద్రపోనివ్వడం లేదని సణుగుతుంటారు.

డాబా మీద మేం ఇంకో రెండు గదులు వేశాం. వడియాలు పెట్టే చోటు లేదు. పెట్టే తీరికా లేదు. సూపర్ మార్కెట్లో కొంటున్నాను. అయినా జనవరి వచ్చిందంటే చాలు, నాకు ఆ ఎండ, ఆ తడిపంచె వాసన, పక్కన ఫోను వైర్లు చెవుల్లో పెట్టుకుని కూర్చున్న ఆ పిల్ల, అన్నీ గుర్తొస్తాయి. ఆ ఏడాది నేను సాధించింది పెద్దగా ఏమీ లేదు. పరీక్షలు రాశాను, అంతే. కానీ అంత నిండుగా గడిచిన సంవత్సరం నాకు మళ్లీ రాలేదేమో అనిపిస్తుంది.

ఈ జనవరి ఒకటిన తనే ఫోన్ చేసింది. వెనకాల అమ్మాయిల మాటలూ, మిషను చప్పుడూ వినిపిస్తున్నాయి.

"ఈ ఏడాది ఆదివారాలు నా మగ్గం షాపు మూసేద్దామనుకుంటున్నానక్కా. వేళ్లు నొప్పులు. వారానికి ఒక్క రోజైనా ఊరికే కూర్చుంటాను. మరి నువ్వు?"

"ఎమ్మే చేస్తాను. చరిత్రలో," అన్నాను. అనే ముందు ఏమీ ఆలోచించలేదు. పక్కగదిలో టీచర్ ఉద్యోగ పరీక్షకు చదువుతున్న మా చిన్నది కూడా విన్నట్టుంది, తలుపులోంచి తొంగి చూసింది.

"బావగారికి చెప్పావా?"

"ఇంకా లేదు. ముందు నీకే."

"సరే అయితే, ఆదివారం వచ్చేస్తాను. దరఖాస్తు పెట్టడానికి కలిసి వెళ్దాం," అంది.